అమ్మా... ఆ నొప్పి ఎప్పట్నుంచి?

శంషాబాద్ విమానాశ్రయంలో అసలు సందడి అర్ధరాత్రి దాటాకే. దుబాయ్, దోహా, అబుదాబి, ఫ్రాంక్‌ఫర్ట్... పడమటికి వెళ్లే విమానాలు చాలావరకు ఆ వేళకీ తెల్లవారుజాముకీ మధ్యే బయల్దేరతాయి. కౌంటర్ల ముందు వరుసలో చదువుకోబోయే కుర్రాళ్లుంటారు. కొత్తగా పెళ్లయిన జంటలుంటాయి. వాళ్లందరికన్నా ఎక్కువగా కంటపడేది అరవై దాటిన దంపతులు. ఆమెకు చీర మీద స్వెట్టరు, కాళ్లకు పిల్లలు పంపిన స్పోర్ట్స్ బూట్లు. ఆయన మెడలో పాస్‌పోర్టుల సంచీ. ట్రాలీ మీద తాళ్లు బిగించి, పేర్లు రాసిన పెద్ద పెద్ద పెట్టెలు. వాటిలో ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, బాలింతరాలి కోసం దంచిన శొంఠి, పుట్టబోయే బిడ్డ కోసం మెత్తటి పాత చీరలతో కుట్టిన బొంతలు.

చేతిసంచీలో మాత్రం మందులు. పొద్దున్నే వేసుకునే బీపీ బిళ్ల, భోజనానికి ముందు షుగర్ బిళ్ల, రాత్రికి కొలెస్ట్రాల్ బిళ్ల. ఆయనకు అయిదేళ్ల కిందట స్టెంటు వేస్తే రక్తం పలచబడేందుకు ఇంకొకటి. ఆమెకు మోకాళ్ల నొప్పుల మాత్ర అదనం. ఆ సంచీ అడుగున ఎక్కడో, టికెట్ల ప్రింట్ల మధ్య నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది... ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ. అబ్బాయో అల్లుడో కంప్యూటర్లో కొని మెయిల్ చేసింది. దాన్ని చదివినవాళ్లు ఆ వరుసలో ఎందరుంటారు?

ఊరగాయ జాడీ మూత ఊడకుండా ఎన్ని చుట్లు టేపు వేయాలో మూడువారాల పాటు చర్చ జరుగుతుంది. బీమా సంగతి మాత్రం ప్రయాణానికి రెండు రోజుల ముందు గుర్తొస్తుంది. 'ఏదో ఒకటి తీసుకోరా, ఆర్నెల్లేగా' అని నాన్న అంటారు. అన్నిటికన్నా చవకైనది వెతికి, పుట్టినతేదీలు కొట్టి, కార్డుతో డబ్బు కట్టేస్తే పని అయిపోయినట్టే. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్లవాడికైతే అది చెల్లుతుందేమో. షుగరూ బీపీ స్టెంటూ ఉన్నవాళ్లకు చెల్లదు.

నానక్‌రామ్‌గూడలో ఇరుగుపొరుగు

అమెరికా వెళ్లాలనుకునే తెలుగు తల్లిదండ్రుల ప్రయాణం నిజానికి హైదరాబాద్ పడమటి అంచున నానక్‌రామ్‌గూడలో మొదలవుతుంది. అమెరికన్ కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరుచుకుని, 2023 మార్చిలో ఇక్కడి కొత్త భవనానికి మారింది. ఇంటర్వ్యూకు ముందు కొందరు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి వస్తారు. వీసా చేతికొచ్చాక మొక్కు తీర్చుకోవడానికి నూట ఎనిమిది. మోకాళ్ల నొప్పులున్నా సరే!

విచిత్రమేమిటంటే, దేశం మొత్తంలోని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా అదే నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. రెండింటి చిరునామాల్లోనూ సర్వే నంబరు 115/1. వీసా ఇచ్చేవాళ్లూ, బీమాకు కట్టుబాట్లు పెట్టేవాళ్లూ ఇరుగుపొరుగులన్నమాట. అయినా ఒకరి పనితో ఇంకొకరికి సంబంధం లేదు. అమెరికా సందర్శక వీసాకు బీమా తప్పనిసరి కాదు. ఇంటర్వ్యూ కిటికీ దగ్గర ఎవరూ ఆ కాగితం అడగరు. అడగరు కాబట్టే అది చివరి పనిగా మిగిలిపోతుంది.

ఇక్కడున్న కార్డులేవీ అక్కడ పనికిరావన్న సంగతీ చాలామందికి ఆలస్యంగానే తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ అయినా, రిటైరైన ఉద్యోగి హెల్త్ కార్డయినా, డెబ్భై దాటినవాళ్లకు 2024 నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డయినా మన ఆస్పత్రుల వరకే. ఇక్కడ ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన మామూలు ఆరోగ్య బీమా కూడా చాలావరకు దేశం లోపలి చికిత్సకే. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ సందర్శకులకు వర్తించదు. అబ్బాయి కంపెనీ ఇచ్చే బీమాలో భార్యాపిల్లలుంటారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మామూలుగా చోటుండదు.

మరి ఖర్చు సంగతి? మూడు రోజులు ఆస్పత్రిలో ఉంటే సగటున సుమారు 30 వేల డాలర్లు, విరిగిన కాలు సరిచేయాలంటే 7,500 డాలర్ల వరకు అవుతుందని అమెరికా ప్రభుత్వమే తన బీమా వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో పౌరులను హెచ్చరించింది. డాలరుకు 85 రూపాయలే లెక్కవేసుకున్నా ఆ మూడు రోజుల ఖర్చు పాతిక లక్షలు దాటుతుంది. గుంటూరు దగ్గరో కరీంనగర్ దగ్గరో జీవితమంతా ఉద్యోగం చేసి దాచుకున్న సొమ్ము అంత ఉంటే గొప్ప.

ఒక్క మాటలో ఉంది తిరకాసంతా

పాలసీ కాగితంలో పెద్ద అక్షరాలతో కనిపించేది కవరేజీ మొత్తం. లక్ష డాలర్లు, అయిదు లక్షల డాలర్లు... చూడగానే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యాన్ని తినేసే మాట లోపలెక్కడో సన్న అక్షరాల్లో ఉంటుంది. 'ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్'. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బు అని అర్థం. తేలిగ్గా చెప్పాలంటే పాత జబ్బు.

కాలు జారి పడితే, ఫ్లూ వస్తే, అపెండిసైటిస్ అయితే దాదాపు ఏ పాలసీ అయినా పలుకుతుంది. అసలు చిక్కు పాత జబ్బు తిరగబెట్టినప్పుడే. అరవై దాటినవాళ్లకు విదేశంలో వచ్చే పెద్ద ఆపద చాలాసార్లు ఆ దారినే వస్తుంది. బీపీ ఉన్నవాళ్లకు పక్షవాతం, స్టెంటు ఉన్నవాళ్లకు గుండెనొప్పి, షుగర్ ఉన్నవాళ్లకు కాలి పుండు.

మన దేశపు ట్రావెల్ పాలసీలు చాలావరకు పాత జబ్బుల్ని మినహాయిస్తాయి. కొన్ని మాత్రం ప్రాణాపాయ స్థితి వస్తే ఒక పరిమితి వరకు ఇస్తాయి. అంటే ప్రాణం నిలబెట్టేవరకే. ఆ తర్వాతి చికిత్స మన ఖర్చు. అమెరికన్ కంపెనీలు సందర్శకుల కోసం అమ్మే ప్లాన్లలో ఇంకో మాట కనిపిస్తుంది. 'అక్యూట్ ఆన్‌సెట్ ఆఫ్ ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్'. ఇది ఉంటే పాత జబ్బులకూ కవరేజీ ఉన్నట్టేనని అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు. అర్ధసత్యం. పాత జబ్బు ఉన్నట్టుండి, ఏ ముందస్తు సూచనా లేకుండా, తీవ్రంగా ముంచుకొస్తేనే అది పలుకుతుంది. మెల్లమెల్లగా ముదిరితే పలకదు. డాక్టరు ముందే 'యాంజియో చేయించుకోండి' అని సలహా ఇచ్చి ఉంటే పలకదు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటుంది. లక్షణం కనిపించిన 24 గంటల్లోపు వైద్యం మొదలై ఉండాలి. చాలా ప్లాన్లలో ఉండే నిబంధనే ఇది.

ఇరవై నాలుగు గంటలు! ఇక్కడే మన ఇళ్ల తీరుకూ ఆ కాగితానికీ పొత్తు కుదరదు.

తెల్లవారుజామున ఛాతీలో పట్టేసినట్టుంటుంది అమ్మకు. అమ్మాయి రాత్రంతా పసిబిడ్డతో మేలుకుని అప్పుడే కన్నుమూసింది. లేపడం ఎందుకని గోరువెచ్చని నీళ్లలో వాము కలుపుకుని తాగుతుంది. మధ్యాహ్నానికి కాస్త నెమ్మదిస్తుంది. సాయంత్రం మళ్లీ వస్తుంది. అల్లుడుగారి ఎదుట చెప్పుకోవడానికి మొహమాటం. పైగా డాక్టరు దగ్గరికి వెళితే ఎన్ని డాలర్లవుతాయో అని భయం. 'కాన్పు చేయడానికొచ్చి నేనే మంచాన పడితే ఎలా' అన్న బాధ. గ్యాసేలే అనుకుని రెండో రాత్రీ గడిపేస్తుంది. మూడోరోజు చెమటలు పట్టి కూలబడితే అప్పుడు అంబులెన్సు. ఎమర్జెన్సీలో నర్సు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి... నొప్పి ఎప్పట్నుంచి? అమ్మ తెలుగులో చెబుతుంది, అమ్మాయి ఇంగ్లిషులోకి మారుస్తుంది: రెండు రోజుల నుంచి. ఆ ముక్క కంప్యూటర్లోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పరిశీలించేవాడు ముందుగా వెతికేది ఆ ముక్కనే.

అలాగని అక్కడ అబద్ధం చెప్పమని కాదు. నొప్పి ఎప్పుడు మొదలైందన్నదాన్ని బట్టే గుండెకు చేయాల్సిన చికిత్స మారుతుంది; తప్పు చెబితే ప్రాణానికే ముప్పు. చేయాల్సింది వేరు. విమానం ఎక్కకముందే, ఇంట్లో అందరూ కూర్చుని, పెద్దవాళ్లకు ఆ 24 గంటల సంగతి విడమరచి చెప్పాలి. నొప్పి దాచుకుంటే డబ్బు మిగలదు, పోతుంది. పిల్లల ఖర్చు గురించి బెంగపడే అమ్మకు తలకెక్కే మాట అదొక్కటే. ఆరోగ్యం గురించి ఎంత చెప్పినా వినని మనిషి డాలర్ల లెక్క చెబితే వింటుంది!

'లేదు' అని రాసేస్తే?

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా, మందులేమైనా వాడుతున్నారా? ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ ఇవ్వరేమోననో 'లేదు' అని కొట్టేసేవాళ్లున్నారు. అలా కొట్టమని సలహా ఇచ్చే ఏజెంట్లూ ఉన్నారు. రాయకపోతే ఎలా తెలుస్తుందిలే అన్నది వాళ్ల ధీమా.

తెలుస్తుంది. ఆస్పత్రిలో చేరగానే ఇంతకాలం వాడుతున్న మందుల జాబితా తీసుకుంటారు. పాత ఆపరేషన్లేమిటని అడుగుతారు. యాంజియోలో పాత స్టెంటు కనబడుతుంది. పెద్ద క్లెయిమ్ వస్తే కంపెనీలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చూస్తున్న డాక్టరు కాగితాలు తెప్పించమని అడుగుతాయి. దాచిపెట్టినట్టు తేలితే ఆ ఒక్క జబ్బుకే కాదు, మొత్తం పాలసీకే ఎసరు రావచ్చు. స్టెంటు సంగతి దాచిన మనిషికి, దానితో సంబంధం లేని మరో జబ్బు వచ్చినా కంపెనీ మొండికేయడానికి సాకు దొరుకుతుంది.

ఉన్నదున్నట్టు రాస్తే ప్రీమియం పెరుగుతుంది. కొన్ని కంపెనీలు వైద్యపరీక్షలు అడుగుతాయి. కొన్ని ఇవ్వమంటాయి. అప్పుడు ఇంకొకదాన్ని వెతకాలి. ఆ వెతుకులాటకు టైము కావాలి కాబట్టే బీమా పని రెండు రోజుల ముందు కాక, టికెట్ కొన్నప్పుడే మొదలుపెట్టాలి. మన కంపెనీల పాలసీ మామూలుగా దేశం దాటకముందే తీసుకోవాలి. అమెరికన్ ప్లాన్లలో కొన్నిటిని అక్కడ దిగాక కూడా కొనొచ్చు కానీ, దిగేలోపు గడిచే ఒకటిన్నర రోజు ప్రయాణానికి రక్షణ ఉండదు.

ఇక్కడిదా, అక్కడిదా?

ఇది ప్రతి ఇంట్లో నడిచే వాదన. మన కంపెనీ పాలసీ చవక. రూపాయల్లో కట్టొచ్చు. పేచీ వస్తే మన ఊళ్లోనే తేల్చుకోవచ్చు. హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులూ అక్కడికే. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను ఫీజు లేకుండా వింటారు. అయితే అరవై దాటినవాళ్లకు ఈ పాలసీల్లో గదికింత, సర్జన్‌కింత, ఐసీయూకింత అని లోపరిమితులు పెట్టేవి చాలా ఉన్నాయి. పైన యాభై వేల డాలర్లని రాసి ఉన్నా, లోపల ఒక్కో పద్దుకూ కత్తెర పడుతుంది.

అమెరికన్ ప్లాన్లలో రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్ బెనిఫిట్. డాక్టరు చూస్తే ఇంత, ఆస్పత్రిలో రోజుకు ఇంత అని రేటు కార్డులా ముందే నిర్ణయిస్తారు. బిల్లు అంతకు పదింతలైనా ఇచ్చేది అంతే. చవకగా దొరికేవి ఎక్కువగా ఇవే. రెండోది కాంప్రహెన్సివ్. ముందు మనం పెట్టుకోవాల్సిన డిడక్టబుల్ పోగా, మిగిలినదాంట్లో కొంత శాతం గానీ మొత్తం గానీ పరిమితి వరకు ఇస్తారు. నెట్‌వర్క్ ఆస్పత్రులైతే బిల్లు నేరుగా కంపెనీకే వెళ్లే వీలుంటుంది. పాత జబ్బులున్నవాళ్లు కొంటే గింటే ఈ రెండో రకమే కొనాలి. ప్రీమియం ఎక్కువనిపిస్తే డిడక్టబుల్ పెంచుకుని తగ్గించుకోవడం మేలు. చిన్నదానికి మనం పెట్టుకున్నా పెద్దదానికి బీమా ఉంటుంది. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. డిడక్టబుల్ సున్నా ఉందని మురిసిపోయి, లోపల కవరేజీ ఎంతో చూడరు.

వయసు గీతలు కూడా చూసుకోవాలి. 70 దాటితే ఉన్నట్టుండి తిరగబెట్టిన జబ్బుకిచ్చే మొత్తం బాగా తగ్గించే ప్లాన్లున్నాయి. 80 దాటితే అసలు ఇవ్వనివీ ఉన్నాయి. గుండెకూ పక్షవాతానికీ విడిగా తక్కువ పరిమితి పెట్టేవీ ఉన్నాయి. ఆర్నెల్ల మధ్యలో డెబ్భయ్యో పుట్టినరోజు వచ్చే నాన్నల విషయంలో ఇది ముందే అడిగి తెలుసుకోవాలి. మామూలు బీపీ చెకప్, నెలవారీ షుగర్ పరీక్ష, మందులు మళ్లీ రాయించుకోవడం... ఇవి ఎందులోనూ రావనే అనుకోవాలి. అందుకే పరీక్షలన్నీ ఇక్కడే చేయించుకుని వెళ్లడం. పంటి సంగతీ అంతే. పుచ్చిపన్ను ఉంటే విమానం ఎక్కకముందే తీయించేసుకోవాలి.

ఇంకో అంశం ఉంది. శుభమా అని ప్రయాణమవుతుంటే ఆ మాటేమిటని ఇంట్లో పెద్దవాళ్లు కసురుతారు. జరగరానిది జరిగితే మనిషిని స్వదేశానికి చేర్చే ఖర్చు పాలసీలో ఉందా లేదా అన్నది. అది వేల డాలర్ల వ్యవహారం. చందాలు పోగుచేసి ఊరికి పంపిన సందర్భాలు అక్కడి తెలుగువాళ్లకు కొత్తకాదు. నోటితో అననక్కర్లేదు. కాగితంలో ఆ లైను ఉందో లేదో కొనేవాళ్లు కళ్లతో చూసుకుంటే చాలు.

మందుల సంచీ కథ

బీమా ఎంత మంచిదైనా మందులు మానేసిన మనిషిని కాపాడలేదు. అమెరికాకు మామూలుగా 90 రోజులకు మించకుండా సొంత వాడకానికి మందులు తీసుకెళ్లొచ్చన్నది అక్కడి ఎఫ్‌డీఏ మాట. మందులు వాటి అసలు ప్యాకింగులోనే ఉండాలి. వెంట డాక్టరు చీటీ ఉండాలి. బ్రాండు పేరొక్కటే కాక మందు అసలు పేరు కూడా ఇంగ్లిషులో రాయించుకోవాలి. మనకు పారాసెటమాల్ అంటే అర్థమైనట్టు అక్కడి ఫార్మసీలో అర్థం కాదు, అసిటమినోఫెన్ అనాలి. ఆర్నెల్లు ఉండేవాళ్లు మిగిలిన మూడు నెలల మందుల గురించి ముందే ఆలోచించుకోవాలి. దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లు ఒక జాగ్రత్త పడాలి. ట్రామడాల్, కోడీన్ లాంటి నొప్పి మందుల మీద అక్కడ కఠినమైన ఆంక్షలున్నాయి. మోకాళ్ల నొప్పులకు వాడే మాత్రల్లో అవేమైనా ఉన్నాయేమో డాక్టర్నడిగి తెలుసుకోవాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇంకా ముఖ్యమైన సంగతి. మన దగ్గర సీసాల్లో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్రమూత సిరంజి. అమెరికాలో మామూలుగా దొరికేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దానికి నారింజరంగు మూత సిరంజి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఎర్రమూత సిరంజితో అక్కడ కొన్న ఇన్సులిన్‌ను అలవాటైన గీత వరకు లాగితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. షుగర్ పడిపోయి స్పృహ తప్పడానికి అది చాలు. సీసాకు తగ్గ సిరంజిలే వాడాలి, సరిపడా వెంట తీసుకెళ్లాలి. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టకూడదు. సామాన్ల అరలో చలికి గడ్డకడితే ఇక పనికిరాదు. చేతిసంచీలోనే ఉండాలి.

డల్లాస్‌కూ హైదరాబాద్‌కూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. పగలు రాత్రవుతుంది, రాత్రి పగలవుతుంది. పొద్దుటి బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో తెలియక రెండుసార్లు వేసుకునేవాళ్లూ ఉంటారు, మానేసేవాళ్లూ ఉంటారు. ఏ మందు ఏ టైముకు మార్చుకోవాలో డాక్టరుతో ఒక కాగితం మీద రాయించుకుంటే గొడవ ఉండదు.

ఇక విమానం. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు. అక్కణ్నుంచి డల్లాస్ దాదాపు పదహారు గంటలు. నాలుగు గంటలకు పైబడి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. ముప్పు చిన్నదే, సుమారు ఆరువేల మందిలో ఒకరికి. అయినా గుండెజబ్బు, ఈమధ్యే ఆపరేషన్ జరిగినవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. బాత్రూముకు లేవాల్సి వస్తుందని అమ్మలు నీళ్లు తాగడం మానేస్తారు. అది అసలు చేయకూడని పని. పక్కసీటువాణ్ని లేపడానికి మొహమాటపడే మనుషులకు నడవా పక్క సీటు ముందే ఎంచిపెట్టడం పిల్లలు చేయాల్సిన సాయం. వీల్‌చెయిర్ అడిగేవాళ్లలో నడవలేక అడిగేవాళ్లెందరో, ఇంగ్లిషు రాక, దారి తెలియక అడిగేవాళ్లూ అందరే. తప్పేం లేదు. కాకపోతే ఆ కుర్చీలో గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం కాళ్లకు మంచిది కాదు.

ఫ్రిస్కో వీధుల్లో

డల్లాస్ ఉత్తరాన ఫ్రిస్కో. సాయంకాలం ఆ కాలనీల్లో నడిస్తే తెలుగు వినబడుతుంది. పార్కు బెంచీ మీద పంచె కట్టుకున్న పెద్దాయన, పక్కన స్వెట్టర్లు వేసుకున్న ఇద్దరమ్మలు, ముందు స్ట్రోలర్లో మనవరాలు. శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడి. న్యూజెర్సీ వైపు వెళ్లినవాళ్లకు ఎడిసన్ ఓక్‌ట్రీ రోడ్డు కొట్లు, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరుడు. పిట్స్‌బర్గ్ వెళితే 1976లో వెలసిన వేంకటేశ్వరాలయం. అక్కడి పెద్దవాళ్ల కబుర్లలో కోడళ్ల తర్వాత ఎక్కువగా దొర్లేవి షుగర్ నంబర్లే. ఒకరి మాత్రలు ఒకరికి ఇచ్చిపుచ్చుకోవడమూ నడుస్తుంది. పిల్లలకు తెలిస్తే ఒప్పుకోరు.

ఇల్లు చేరిన మొదటి వారంలోనే చేసిపెట్టుకోవాల్సిన పని ఒకటుంది. దగ్గర్లో నెట్‌వర్క్‌లో ఉన్న ఆస్పత్రి ఏది, అర్జెంట్ కేర్ ఏది అని చూసి ఫ్రిజ్ మీద అతికించడం. జ్వరం, దగ్గు, చిన్న దెబ్బలకు అర్జెంట్ కేర్ కేంద్రాలు చాలు. ఆస్పత్రి ఎమర్జెన్సీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం లాంటివైతే అర్జెంట్ కేర్ అని తిరక్కుండా 911కి ఫోన్ చేయాల్సిందే. బీమా ఉందా లేదా అన్నదానితో పనిలేకుండా పరీక్షించి, ప్రాణాపాయం లేకుండా నిలబెట్టాలని 1986 నాటి ఎమ్‌టాలా చట్టం అక్కడి ఎమర్జెన్సీ విభాగాలకు నిర్బంధం చేసింది. వైద్యం ఆగదు. బిల్లు మాత్రం వస్తుంది.

బీమా కార్డు నకలు అమ్మ పర్సులో ఒకటి, నాన్న జేబులో ఒకటి ఉండాలి. పగలంతా పిల్లలు ఆఫీసులో ఉంటే ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. 911కి ఫోన్ చేసి 'తెలుగు' అన్నా చాలు, దుబాసీని కలిపే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. పెద్దవాళ్లకు ఇంటి అడ్రసు ఇంగ్లిషులో కంఠతా వచ్చేలా చేయాలి. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే కార్డు మీదున్న నంబరుకు వీలైనంత తొందరగా ఫోన్ చేయాలి. చెప్పకుండా చేరితే చెల్లింపులో కోతపెట్టే ప్లాన్లున్నాయి. కంగారులో కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు 'గ్యారంటర్' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి చదవాలి. అక్కడ సంతకం పెట్టినవాళ్లు బిల్లుకు పూచీపడ్డట్టే.

పిల్లలు కెనడాలోనో యూరప్‌లోనో ఉంటే కథ వేరు. కెనడా సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపించందే పని జరగదు. షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉండాలి. వీసా కోసమని అంతవరకే చూసి కొనేవాళ్లు పాత జబ్బుల లైను చదవరు. షరతు తీరుతుంది, అవసరం తీరదు. బ్రిటన్‌లో ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితమే. ఆస్పత్రిలో చేర్చుకున్నాక మాత్రం సందర్శకులకు ఎన్‌హెచ్‌ఎస్ తన లెక్క ప్రకారం అయ్యేదానికి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తుంది.

అమెరికా బిల్లుల్లో ఇంకో తమాషా ఉంది. ఒకేసారి రావు. ఆస్పత్రిది ఒకటి, ఎమర్జెన్సీ డాక్టరుది ఒకటి, ఎక్స్‌రే చూసినాయనది ఒకటి, అంబులెన్సుది మరొకటి... నెలల తరబడి పోస్టులో వస్తూనే ఉంటాయి. అప్పటికి అమ్మానాన్నలు తిరిగొచ్చేసి ఇంట్లో ఉంటారు. కంపెనీ మాత్రం క్లెయిమ్ ఫారం మీద రోగి సంతకం కావాలంటుంది, పాస్‌పోర్టు పేజీల నకళ్లు అడుగుతుంది. బిల్లు చేతికందాక సంతకం కోసం కాగితాలు సముద్రాల మీదుగా తిరగాల్సి వస్తే గడువు దాటిపోవచ్చు. లాభాపేక్ష లేని ఆస్పత్రి అయితే కట్టలేనివాళ్లకు రాయితీ ఇచ్చే పద్ధతి రాసి పెట్టుకుని ఉండాలని అక్కడి చట్టం చెబుతోంది. దానికీ దరఖాస్తు కావాలి. అందుకే అక్కడ ఆస్పత్రి మెట్లెక్కాల్సి వచ్చిన ఇళ్లలో తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దేటప్పుడే కొన్ని పనులు పూర్తి చేసుకుంటారు. డిశ్చార్జి కాగితాలు, పద్దులవారీ బిల్లులు ఒక కవరులో పెడతారు. పాస్‌పోర్టు పేజీలు ఫొటో తీసి ఉంచుకుంటారు. క్లెయిమ్ ఫారం మీద, కంపెనీతో మాట్లాడే అధికారం అమ్మాయికో అబ్బాయికో ఇచ్చే కాగితం మీద ఎయిర్‌పోర్టుకు బయల్దేరేలోపే అమ్మచేత సంతకం పెట్టించుకుంటారు.